నీళ్ళడగని మొక్క

అయ్యలారా, అమ్మలారా! మనిషికి ఈ భూమ్మీద దొరికిన నేస్తాల్లోకెల్లా గొప్పది కుక్క అని మీరనుకుంటే పొరపాటు. పుస్తకం అనుకుంటే ఇంకా పెద్ద పొరపాటు. గొప్పది సక్యులెంట్!

అదేనండీ, ఒళ్ళంతా ముళ్ళతో, బొద్దుగా, కిటికీ గట్టు మీద బుల్లి తెల్లకుండీలో ముంగిలా కూర్చుని ఉంటుందే, అది. ఈమధ్య ఏ ఇంటికెళ్ళినా అదే ఎదురొస్తోంది. ఆఫీసు బల్లల మీద అదే. పళ్ళ డాక్టరు గది ముందు కూడా అదే, మన అవస్థ చూస్తూ. పుట్టినరోజుకి అదే కానుక, ప్రమోషన్‌కి అదే కానుక, ఉద్యోగం ఊడి వెళ్ళిపోతుంటే కూడా చేతిలో అదే పెట్టి పంపుతున్నారు.

దాన్ని చూసి విసుక్కునేవాళ్ళున్నారు. "ఇదేం మొక్కండీ! పువ్వు పూయదు, కాయ కాయదు, ముట్టుకుంటే గుచ్చుతుంది" అని సణుగుతుంటారు. నేనడుగుతున్నాను, మన చుట్టాల్లో ఎంతమంది పూస్తున్నారు? ఎంతమంది కాస్తున్నారు? వాళ్ళను మాత్రం హాల్లో కూర్చోబెట్టి కాఫీలివ్వడం లేదూ?

దాని గొప్పతనమంతా ఒక్క ముక్కలో ఉంది. లో మెయింటెనెన్స్! నీళ్ళడగదు. ఎరువడగదు. మనం ఊరెళితే బెంగపెట్టుకోదు. తిరిగొస్తే ఏం తెచ్చావని సంచి వెతకదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా! ఇది అడగనే అడగదు. కాబట్టి మనం పెట్టనే అక్కర్లేదు. ఇంతకన్నా హాయైన సంబంధం ఎక్కడైనా ఉంటుందా?

ఈ విషయంలో నా పాండిత్యాన్ని మీరు శంకించకూడదు. మొక్కల పెంపకం మీద ఇదే పేజీలో ఒకప్పుడు రాశాను. ఆ వ్యాసం రాసేనాటికి నా బాల్కనీలో మందారం, మల్లె, ఒక నిమ్మ ఉండేవి. ఇప్పుడు కుండీలున్నాయి. కుండీలకు మాత్రం ఈనాటికీ ఏ తెగులూ రాలేదు. అయినా మా బంధువర్గంలో ఎవరి మొక్క తల వాల్చినా ముందు నాకే ఫోనొస్తుంది. అచ్చులో పేరు పడ్డవాడి మాట అంత తేలిగ్గా తీసిపారేయలేరు కదా!

అందుకే మా బావ ఇంటి మొక్కకు వైద్యం కూడా నేనే చేశాను. ఆ కథంతా వింటే మీరే చేతులెత్తి ఒప్పుకుంటారు, సక్యులెంట్ నిజంగా వరమేనని.

మా బావ లిఫ్టుల కంపెనీలో సర్వీసు ఇంజనీరు. చేతులకు ఎప్పుడూ గ్రీజు వాసన, జేబులో ఎప్పుడూ టెస్టరు. ఎవరింటికెళ్ళినా మొదటి అంతస్తుకైనా సరే మెట్లెక్కడు. లిఫ్టులో నిలబడి కళ్ళు మూసుకుంటాడు. పక్కనున్నవాళ్ళు పాపం, ఏదో ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని ఒదిగి నిలబడతారు. ఆయన వింటున్నది తీగల చప్పుడు.

"చెడిపోయాక చేసేది రిపేరురా. చెడకముందే చూసేది మెయింటెనెన్స్," అంటాడు నాతో. "లిఫ్టుకి నోరుండదు. ఫలానా చోట నొప్పిగా ఉందని చెప్పదు. మనమే చెవి పెట్టి వినాలి. చిన్న తేడా వినపడితే చాలు, ఆపేసి విప్పి చూడాలి. ఫిర్యాదు వచ్చేదాకా కూర్చున్నవాడు మెకానిక్కే కాదు."

మా బావ చూసే లిఫ్టుల్లో మనుషులు మధ్యలో ఇరుక్కుపోయిన దాఖలా లేదు. ఆ విషయంలో ఆయనది మంచి పేరు.

ఆయన భార్య మా అక్క. రక్తపరీక్షల ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. సూది గుచ్చినట్టు కూడా తెలియకుండా రక్తం తీస్తుందని, చిన్నపిల్లలైతే ఆవిడ దగ్గరే చెయ్యి చాపుతారని చెప్పుకుంటారు. తన సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోదు. "ఎలా ఉన్నావక్కా?" అంటే "బానే ఉన్నా." బస్సు తప్పిపోయినా బానే ఉంది, కాలు బెణికినా బానే ఉంది. కుక్కర్ పేలి వంటింటి కప్పుకి పప్పంటుకున్న రోజున కూడా ఫోనెత్తి "బానే ఉన్నా" అన్నది.

"మీ అక్కతో నాకే ఇబ్బందీ లేదురా. లో మెయింటెనెన్స్!" అని మా బావ పదిమందిలో మెచ్చుకునేవాడు. ఆవిణ్ణి అలా తయారుచేసి పంపింది మేమేనన్నట్టు నేను పక్కనే నిలబడి మీసం దువ్వుకునేవాణ్ణి.

అలా ఉండగా మా అక్క పనిచేసే ల్యాబువాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ తెరిచారు. మెషీన్లు బిగించి, కొత్తవాళ్ళకు పని నేర్పి రమ్మని మా అక్కను మూడు నెలలకు పంపించారు. బస్సులో వెళితే సగం రోజు ప్రయాణం. కూతురేమో చదువుకోసం హాస్టల్లో ఉంది. ఇంట్లో మా బావ ఒక్కడే మిగిలాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చుంటున్నాడని తెలిసి నాకు జాలేసింది.

"ఇంట్లో ఇంకో ప్రాణి ఉండాలి బావా," అని నర్సరీకి లాక్కెళ్ళాను.

నర్సరీ ఆవిడ చూపించిన మొక్క మోచేతి పొడవుంది. మూడు పలకల కాండం, అంచుల వెంట ముళ్ళు, పక్కలకు రెండు చేతులు ఎత్తి లొంగిపోయినట్టుగా నిలబడి ఉంది.

"కాక్టసేనా?" అన్నాడు బావ.

"చూడ్డానికి అలాగే ఉంటుంది సార్. సక్యులెంటే గానీ కాక్టస్ కాదు. వేరే కుటుంబం."

"దీనికి సర్వీసు ఎలా మరి?"

ఆవిడ నా వంక చూసింది. నేను కళ్ళతోనే ఆయన మంచివాడని సైగ చేశాను.

"మట్టి పూర్తిగా ఎండాక నీళ్ళు పోయండి. వెలుతురు బాగా వచ్చేచోట పెట్టండి. అంతే సార్."

"అంతేనా? మిగతా రోజుల్లో ఏం చేయాలి?"

"మిగతా రోజుల్లో మీ పని మీరు చేసుకోండి."

చూశారా, ఎంత చక్కటి సలహానో! కానీ మా బావలాంటి మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఏమీ చేయకుండా ఉండటం ఆయన ఉద్యోగ ధర్మానికే విరుద్ధం. కుండీని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వెళుతున్నంతసేపూ "చంపుదామన్నా చావదు బావా, ఇది" అని నేను ధైర్యం చెబుతూనే ఉన్నాను. మా ఇద్దరి సామర్థ్యాన్ని నేను అప్పటికి తక్కువ అంచనా వేశాను.

మొదట్లో పొద్దున లేవగానే మట్టిలో వేలు పెట్టి చూసేవాడు. తరవాత మధ్యాహ్నం ఒక లిఫ్టుకీ ఇంకో లిఫ్టుకీ మధ్యలో ఇంటికొచ్చి వేలు పెట్టేవాడు. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ వేలు. పాపం, ఆ మట్టికి మా బావ వేలి ఆనవాలు బాగా తెలిసిపోయి ఉంటుంది. వేలిని నమ్మలేక తేమ చూసే మీటరు కొన్నాడు. మీటరును నమ్మలేక ఇంకో మీటరు కొన్నాడు. రెండూ రెండు మాటలు చెప్పడంతో మధ్యస్థంగా ఉంటుందని కాసిని నీళ్ళు పోశాడు.

కాండం నిటారుగా ఉందో లేదోనని లిఫ్టు పట్టాలకు వాడే ఇనుప గుండును దారానికి కట్టి పక్కన వేలాడదీశాడు. చిటికెనవేలంత తేడా వచ్చింది. మొక్క వెలుతురు వైపు వంగుతోంది. మొక్కలన్నీ వంగుతాయి! ఆయన మాత్రం కుండీని తూర్పు కిటికీ నుంచి పడమటి కిటికీకి, అక్కణ్ణుంచి వంటింటి గట్టుకి, అక్కణ్ణుంచి మంచం పక్కకి బదిలీ చేస్తూ పోయాడు. ఆఖరికి ఊదారంగు దీపం ఒకటి తెచ్చి దాని నెత్తిన బిగించాడు. కింది అంతస్తు ఆవిడ మెట్ల దగ్గర ఆపి, "అన్నయ్యగారూ, మీ ఇంట్లో డాన్స్ క్లాసులు మొదలుపెట్టారా?" అని అడిగింది.

నేనూరుకుంటానా? "ముళ్ళలో మమత" అనే వాట్సాప్ గ్రూపులో మా బావను చేర్పించాను. అందులో పొద్దున్నే నాలుగు వందల శుభోదయాలు వస్తాయి, మధ్యలో అక్కడక్కడా సలహాలుంటాయి. దాల్చినచెక్క పొడి చల్లమని ఒకరు. కోడిగుడ్డు పెంకులు వేయమని ఒకరు. తలనొప్పి మాత్ర కరిగించి పోయమని ఒకరు. మా బావ ఎవరి మనసూ నొప్పించే రకం కాదు. అన్నీ చేశాడు.

మొక్కతో మాట్లాడితే ఏపుగా పెరుగుతుందని ఇంకెవరో రాశారు. దాంతో సాయంత్రంపూట కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ రోజు ఏ లిఫ్టు ఏ అంతస్తులో మొరాయించిందో, ఎవరు తిట్టారో, ఎవరు టీ ఇచ్చారో వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. మా అక్కతో పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్ని కబుర్లు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

అక్కతోనూ రోజూ మాట్లాడేవాడు, లేదనకూడదు. నిపుణుణ్ణి కాబట్టి ఆ ఫోన్‌లో నన్ను కూడా కలిపేవాడు.

"తిన్నావా? ఎలా ఉన్నావు?"

"బానే ఉన్నా."

"సరే. ఇదిగో, మీ తమ్ముడు కూడా లైన్లో ఉన్నాడు. మొక్క అడుగున పసుపు తిరిగిందిరా. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది."

అక్కడినుంచి మా ఇద్దరి మధ్యా చర్చ సాగేది. మట్టి, ఇసుక, ఎండ, నీడ. ఒకసారి మధ్యలో అక్క, "నీళ్ళెక్కువ పోస్తున్నారేమో చూడండి" అన్నది. ల్యాబులో కూర్చునే మనిషికి మొక్కల సంగతేం తెలుసని మేమిద్దరం దాన్ని పట్టించుకోలేదు. ఇంకో రోజు మా బావే మధ్యలో ఆగి, "గొంతేంటి అదోలా ఉంది?" అన్నాడు.

"ఏం లేదు. కాస్త నీరసంగా ఉంది."

"ఏసీ తగ్గించుకో," అన్నాడు బావ.

"నిమ్మరసం తాగక్కా," అన్నాను నేను.

ఇలా ఇద్దరం చెరో మందూ రాసిచ్చి, తిరిగి పసుపు మచ్చ దగ్గరికి వచ్చేశాం.

ఆ మచ్చ పాకుతోంది. పసుపు తిరిగిన కొమ్మను కోసేస్తే మిగతాది బతుకుతుందని తీర్పు ఇచ్చింది నేనే. వంటింటి కత్తి అందించిందీ నేనే. కోసీ కోయగానే చిక్కటి తెల్లపాలు బొటబొటా కారాయి. ఆ పాలు ఒంటికి తగిలితే మంట పుడుతుందని, కంటికి తగిలితే ఇక చెప్పక్కర్లేదని ఎక్కడైనా చదివానా? నేను రాసేవాణ్ణి అండీ, చదివేవాణ్ణి కాదు! మా బావ ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు.

కంటి డాక్టరమ్మ దగ్గర కూర్చునేసరికి ఆ కన్ను ముగ్గిన టమాటాలా ఉంది.

"కంట్లో ఏం పడింది?"

"పాలండీ," అన్నాడు బావ.

"పాలు పడితే ఇలా అవదే!"

"మొక్క పాలండీ."

ఆవిడ ఇంకేం అడగలేదు. కన్ను కడిగి, చుక్కలు వేసి, కట్టుకట్టి పంపించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదేనని నాకు అనిపించింది గానీ ఆ సమయంలో సామెత చెప్తే బాగుండదని ఊరుకున్నాను.

ఆ సంగతి తెలిసినప్పటినుంచి అక్క పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్ చేసింది. చుక్కలు వేసుకున్నారా? కట్టు తడవలేదు కదా? ఒంటికన్నుతో బండి నడపడం లేదు కదా? మాసిన దిండుగలీబు మార్చుకోండి, ఉతికినవి బీరువా కింది అరలో ఉన్నాయి. ఇంత దూరాన ఉండి ఏ అరలో ఏముందో ఎలా గుర్తుపెట్టుకుందో! "మీ అక్క కంగారుపడిపోతోందిరా" అని మా బావ నాతో కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు. నీ ఒంట్లో ఎలా ఉందని ఆ రోజుల్లో ఆయన అడగలేదు. ఆయన కన్నే ఒక పెద్ద విషయం కదా! నేనూ అడగలేదు. నాకు మొక్కే ఒక పెద్ద విషయం.

కట్టు విప్పిన నాలుగు రోజులకు బావ సెలవు పెట్టి, కుండీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చాడు. జ్వరమొచ్చిన పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు దాన్ని. మొక్క ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. నేను కళ్ళజోడు పెట్టుకుని, డాక్టరు ముఖం పెట్టి, కాండాన్ని నెమ్మదిగా నొక్కి చూశాను. వేలు లోపలికి దిగిపోయింది.

"కాస్త నీరసంగా ఉంది," అన్నాను.

పాత మట్టి తీసేసి ఇసుక కలిపిన కొత్త మట్టి వేయాలని తీర్మానించాం. ఇసుక జల్లించాలి. మా ఇంట్లో జల్లెడ లేదు, వాళ్ళింట్లో పాత జల్లెడ మా అక్క ఎక్కడ పెట్టిందో బావకు తెలియదు. ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు.

ఎత్తింది అక్క కాదు. ఎవరో అమ్మాయి గొంతు.

"మేడమ్ ఇప్పుడే నిద్రపోయారండీ. సెలైన్ ఎక్కుతోంది. మీరెవరు?"

బావ నా మొహం చూశాడు. "సెలైనేంటి? ఎవరమ్మా నువ్వు?"

"నేను నర్సునండీ. మీరు..."

"నేను వాళ్ళాయన్ని."

"ఓ, కంట్లో ఏదో పడిందన్నారు, ఆ సారేనా?" ఆ అమ్మాయి గొంతులో నిజంగానే ఆత్రం. "మేడమ్ మీ గురించే బెంగపడుతున్నారు. ఇప్పుడెలా ఉంది సార్ కన్ను?"

మా బావ ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. ఏ ఆస్పత్రో, ఏమిటో నేనే అడిగి తెలుసుకున్నాను. డెంగీ. చేరి మూడు రోజులైంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, ఇవాళ కాస్త నిలకడగా ఉన్నాయి.

ఎలా బయల్దేరామో నాకు సరిగ్గా గుర్తులేదు. బస్సులో కూర్చున్నాక కండక్టరు వచ్చి, "దానికి టికెట్టక్కర్లేదు గానీ, పక్కవాళ్ళకు గుచ్చుకోకుండా పట్టుకోండి సార్" అంటే అప్పుడు చూసుకున్నాం. కుండీ ఇంకా మా బావ ఒళ్ళోనే ఉంది. కింద పెట్టాలని ఇద్దరికీ తోచలేదు.

దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. నేను ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇవాళ్రేపు డెంగీకి మంచి వైద్యం ఉంది బావా" అన్నాను. ఆయన తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు.

"ఆ రోజు గొంతులో తేడా ఉందిరా. నాకు వినపడింది."

మళ్ళీ తనే అన్నాడు. "లిఫ్టయితే ఆపేసి చూసేవాణ్ణి."

నిమ్మరసం రాసిచ్చింది నేనే.

ఆస్పత్రి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "రోగులకు పళ్ళు తెచ్చేవాళ్ళను చూశాను గానీ, ముళ్ళు తెచ్చేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. మామూలు రోజైతే ఆ ముక్క నా కాలమ్‌కి పనికొస్తుందని అక్కడే రాసుకునేవాణ్ణి.

అక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది, పెదాలు తెల్లగా ఉన్నాయి. చేతికి సూది. గుమ్మంలో మమ్మల్ని చూసి ముందు ఆశ్చర్యపోయింది. తరవాత మా బావ చేతుల్లో మొక్కను చూసి నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. ఆయాసం తగ్గాక మొదట అడిగిన మాట:

"ఏమండీ, కన్నెలా ఉంది?"

బావ మంచం అంచున కూలబడ్డాడు. "ఎందుకు చెప్పలేదే నాకు?" అన్నాడు.

అక్క నింపాదిగా జరిగింది జరిగినట్టు చెప్పింది. జ్వరం తగ్గకపోతే ల్యాబులోనే తన చేతినుంచి తనే రక్తం తీసుకుంది. తనే మెషీన్లో పెట్టింది. అంకె చూసి మెషీన్ కొత్తది కదా, తప్పు చూపిస్తోందేమోనని ఇంకోసారి పెట్టింది. మెషీన్ తప్పు కాదు. రిపోర్టు కింద తనే సంతకం పెట్టుకుని, తాళాలు కొత్తమ్మాయికిచ్చి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఈ ఆస్పత్రికి నడుచుకుంటూ వచ్చేసింది.

"ఒక్కదానివే వచ్చావా?"

"రోడ్డు దాటడమేగా."

"ఒక్క మాట చెప్తే నేను రెక్కలు కట్టుకుని వాలేవాణ్ణి కదా!"

"చెప్పకేం?" అన్నది అక్క. కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. ఎవరిదో రిపోర్టు చదివి వినిపిస్తున్నట్టుంది. "నీరసంగా ఉందన్నాను. ఏసీ తగ్గించుకోమన్నారు. తగ్గించుకున్నాను."

బావ తల వంచుకున్నాడు.

"ఆ మొక్క ఒక్కసారైనా మీతో ఏమైనా చెప్పిందా? నాకిలా ఉందని నోరు తెరిచి అడిగిందా? అయినా రోజుకి మూడుసార్లు మట్టిలో వేలు పెట్టి చూశారు. నేను బానే ఉన్నా అన్నాను. సరే అని పెట్టేశారు."

నేను నెమ్మదిగా కిటికీ వైపు జరుగుతుంటే అక్క చూపు నా మీద పడింది.

"వీడు నిమ్మరసం రాసిచ్చాడు," అన్నది.

అక్కే మళ్ళీ ముక్కు చిట్లించి, "ముందు దాన్ని అవతల పడేయండి. కంపు కొడుతోంది. అది చచ్చి చాలా రోజులైనట్టుంది" అన్నది.

నిజమే! చచ్చిపోయినదాన్ని పట్టుకుని మేం ఇసుక జల్లించబోయాం. దాన్ని పారేయడం కూడా మాకు చేతకాలేదనుకోండి. ఆస్పత్రిలో చెత్తకు రకరకాల రంగుల డబ్బాలున్నాయి. గుచ్చుకునేవి ఒకదాంట్లో, కుళ్ళేవి ఇంకోదాంట్లో వేయాలట. గుచ్చుకుంటూ కుళ్ళేదాన్ని ఎందులో వేయాలో నర్సుకీ తెలియలేదు, ఊడ్చేవాళ్ళకీ తెలియలేదు. చివరికి నేనే పట్టుకెళ్ళి ఆస్పత్రి బయట పెద్ద తొట్టిలో వేసి, వేళ్ళకు గుచ్చుకున్న ముళ్ళు పీక్కుంటూ తిరిగొచ్చాను.

వచ్చేసరికి మా బావ కుర్చీ మంచం దగ్గరకు లాక్కున్నాడు. ఎలా ఉన్నావని అడగడం లేదు. ఏం తిన్నావని, ఎంత తిన్నావని, మిగిలింది ఎందుకు వదిలేశావని అడుగుతున్నాడు. ఈ ఊళ్ళో నీ గది ఎలా ఉంది? నీళ్ళెప్పుడొస్తాయి? దోమతెర ఉందా? ఆ కొత్తమ్మాయికి పని అబ్బుతోందా? అక్క మొదట ఒక్కో ముక్కలో జవాబు చెప్పింది. తరవాత రెండు ముక్కలు. ఆ తరవాత ఇక మా బావ అడగాల్సిన పని లేకపోయింది. కొత్తమ్మాయి రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోతుందట. రక్తపరీక్షల ల్యాబులో! మెషీన్ బిగించడానికి వచ్చినవాడు ఒక మర మిగిల్చి వెళ్ళిపోయాడట, అది ఎక్కడిదో తెలియక ఇప్పటికీ పర్సులో పెట్టుకుని తిరుగుతోందట. గది ఇచ్చిన ముసలావిడ గోడకు మేకు కొట్టనివ్వదట, అందుకని మొదటి నెలంతా అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని తల దువ్వుకుందట. చెప్పేకొద్దీ వస్తూనే ఉన్నాయి. మా అక్క ఇంత మాట్లాడగలదని నాకు తెలియదు. ఇంత నవ్వించగలదనీ తెలియదు. అచ్చులో పేరు పడేది నాది, మాటలు మాత్రం ఆవిడ దగ్గరున్నాయి.

మూడోపూటకు ప్లేట్‌లెట్లు పెరగడం మొదలుపెట్టాయి. ఇంకో వారానికి ఇంటికి తీసుకొచ్చాం. కొత్త శాఖ పని మిగిలిన నెల ఇంకొకరు చూసుకున్నారు.

కాబట్టి పాఠకమహాశయులారా, నా వాదన ఇంకా అలాగే ఉంది. సక్యులెంట్ వరమే! అది ఆ రోజు కుళ్ళి ఉండకపోతే మా బావ ఆ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడా? జల్లెడ అవసరం పడకపోతే మాకు సంగతి తెలిసేదా? చావడం ద్వారా అది చేసిన ఉపకారం బతికుండి ఏ గులాబీ చేయలేదు. మీరూ తెచ్చుకోండి. నేలకు దిగేదాకా నీళ్ళు పోయండి. కుళ్ళనివ్వండి.

ఒక్క సందేహం మాత్రం నాకు మిగిలిపోయింది. మొక్కకు "లో మెయింటెనెన్స్" అని బోర్డు పెట్టింది అమ్మేవాడు, సరే. మనుషులకు ఆ బోర్డు ఎవరు కడుతున్నారు? నీళ్ళు మోయడానికి బద్ధకించేవాళ్ళే కదూ!

మా బావ ఇప్పుడు పూర్తిగా మారిపోయాడు. ఎంత మారాడంటే, లిఫ్టు గుంతలోంచి కూడా ఫోన్ చేసి "బానే ఉన్నానంటే కుదరదు, వివరంగా చెప్పు" అని అడుగుతున్నాడట. రక్తం తీస్తూ ఫోన్ ఎత్తలేక, ఎత్తకపోతే ఆయన ల్యాబుకే వచ్చేస్తాడని భయపడి, మా అక్క అవస్థ అంతా ఇంతా కాదు. "నీళ్ళెక్కువవుతున్నాయండీ, కాస్త ఆరనివ్వండి" అని మొన్న చేతులు జోడించిందట.

ఆయనంత కాకపోయినా నా వంతు నేనూ చేయాలి కదా అని నిన్న పొద్దున అక్కకు ఫోన్ చేశాను.

"చెప్పరా. ఏం కావాలి?"

"ఏమీ వద్దక్కా. ఊరికే చేశాను."

అవతల చప్పుడు లేదు. లైన్ తెగిందేమోనని చూసుకున్నాను. తెగలేదు. కాసేపటికి అక్క గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నిజం చెప్పరా. ఎవరికేమైంది?"